బెజవాడ ఎండల్లో 120 ఫిల్మ్: సరదాకు ఇంత అవసరమా?

లబ్బీపేట: యాషికా మ్యాట్ 124జీ అనే పాత కెమెరా ఒకటి అమ్మకానికి వచ్చింది. అందులో 120 అనే వెడల్పాటి ఫిల్మ్ వేయాలి. కొనాలని ఉంది. కానీ రోలుకు 12 ఫొటోలే వస్తాయి. మా మిత్రబృందంలో సగం మంది డబ్బు దండగ అంటున్నారు. ఫిల్మ్ ఇంట్లోనే కడుక్కోవాలని అనుకుంటున్నాను. ఇక్కడి ఎండల్లో అది కుదురుతుందా?

పాత స్టూడియో, గుంటూరు: కుదరదు. నలుపు తెలుపు డెవలపర్, అంటే ఫిల్మ్ మీద బొమ్మను తేల్చే మందు, 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెలలో మన మేడ మీది ట్యాంకు నీళ్లలో చేయి పెట్టి చూడండి. వేడికి ఫిల్మ్ మీది జెలటిన్ ఉబ్బి మెత్తబడుతుంది, గోరు తగిలితే బొమ్మ లేచి వస్తుంది. మేము రాత్రిపూట కడిగేవాళ్లం. జెలటిన్ ఉబ్బకుండా డెవలపర్‌లో సోడియం సల్ఫేట్ కలిపేవాళ్లం. పొట్టకూటి కోసం కాబట్టి అంత పాటుపడ్డాం. సరదాకు ఎందుకు?

కృష్ణలంక: తప్పకుండా కొనండి. దీని 6×6 సెంటీమీటర్ల ఫ్రేము 35 ఎంఎం ఫ్రేముకు వైశాల్యంలో మూడున్నర రెట్ల పైమాటే. అందుకే పెద్దది చేసినా రేణువు కనిపించదు, వెలుగు నుంచి నీడలోకి జారే తీరు మెత్తగా ఉంటుంది. ఆ కెమెరాను ఛాతీ దగ్గర పట్టుకుని తల వంచి చూస్తాం. ఎదుటి మనిషికీ మనకూ మధ్య కెమెరా అడ్డం రాదు. గాజు తెర మీద కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి కాబట్టి తొందరపడలేం. ఆ నిదానం కోసమే నేను ఆదివారాలన్నీ దీనికి ఇస్తున్నాను. వేడి పెద్ద సమస్య కాదు, బకెట్లో ఐసు వేస్తే సరి. హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు తెలుపు ఫిల్మ్‌కు డీ-76 డెవలపర్‌లో సమానంగా నీళ్లు కలిపి 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు.

అరండల్‌పేట: రంగుల ఫిల్మ్ కడగండి. దానికి వాడే సీ-41 డెవలపర్‌కు 37.8 డిగ్రీలు కావాలి. మన ఊరి వేసవికి సరిపోతుంది.

పాత స్టూడియో, గుంటూరు: ఐసు డెవలపర్‌కు పెట్టారు, మరి కడిగే నీళ్లకు? చల్లటి మందులోంచి తీసి వేడి నీళ్లలో వేస్తే ఎమల్షన్, అంటే ఆ జెలటిన్ పూత, ముడతలు పడుతుంది. ముందు నీళ్ల సంగతి చెప్పండి.

కృష్ణలంక: నీళ్లు కూడా చల్లబరిచే వాడతాను. కొళాయి కింద గంటల తరబడి పెట్టాల్సిన పని లేదు. డబ్బాలో నింపి, తిప్పి, పారబోసి, మళ్లీ నింపితే చాలు. మీరు నీళ్ల దగ్గరే ఆగిపోయారు, బొమ్మ గురించి ఒక్క మాట అనలేదు. మిర్చి యార్డు దగ్గర నేను తీసినవి చూడండి. నలుపు తెలుపు ఫిల్మ్‌లో ఎర్ర ఫిల్టరు పెడితే మిరప కుప్పలు తెల్లగా వస్తాయి, ఆకుపచ్చది పెడితే నల్లబడతాయి. ఆకుపచ్చ ఫిల్టరుతో ఆ నల్లటి కుప్పల మధ్య తొడిమలు తీసే మహిళల తెల్లటి తలగుడ్డలు ఎంత బాగా వచ్చాయో!

పాత స్టూడియో, గుంటూరు: చూశాను. ఆ మహిళల్లో ఒక్కరికైనా ప్రింటు ఇచ్చారా?

కృష్ణలంక: వాళ్లు అడగలేదు. నీళ్లకూ దీనికీ సంబంధం ఏమిటి?

పాత స్టూడియో, గుంటూరు: సంబంధం ఉంది. మా దగ్గరికి వచ్చినవాళ్లు డబ్బు కూడబెట్టుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వచ్చేవారు. నేను నొక్కిన ప్రతి ఫ్రేమూ ఎవరి ఇంటి గోడకో చేరింది. డిజిటల్ వచ్చాక స్టూడియో మూతపడింది. నా కెమెరాను ఒకాయన ఇనుప సామాను ధరకు పట్టుకుపోయాడు. నెగటివ్ పెట్టెలను వెండి తీసేవాళ్లు తూకానికి కొన్నారు. వాటిలో ఈ ఊరి ముఖాలు ఎన్ని పోయాయో! ఇప్పుడు మీరు అదే కెమెరాను మోజుపడి కొని, కూలి చేసుకునే మనిషి ముఖాన్ని తీసి, స్కాన్ చేసి ఫోనులో పెట్టుకుని మెత్తదనం గురించి చెబుతున్నారు.

కృష్ణలంక: మీ స్టూడియో పోయినందుకు నిజంగా బాధగా ఉంది. దాన్ని మూయించింది నేను కాదు. నా జీతంతో కొన్న ఫిల్మ్ ఇది. ఇంట్లో వీణ నేర్చుకునేవాణ్ణి కచేరీ ఎప్పుడని నిలదీస్తామా?

బ్రాడీపేట: అన్నలారా, శాంతించండి. 124జీలో వెలుగు కొలిచే మీటరుకు 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ కావాలి, ఇప్పుడు దాన్ని తయారు చేయడం లేదు. మీటరు చూసి మరీ కొనండి.

పాత స్టూడియో, గుంటూరు: వీణ వాయించేవాడు పక్కవాడి ముఖాన్ని ఇంటికి పట్టుకుపోడు. కొండవీడు కోట తీసుకోండి, ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ తీసుకోండి, నేను నోరెత్తను. మనిషిని తీస్తే ఆ మనిషికి బొమ్మ అందాలి. నా పట్టుదల అంతా దీని గురించే.

కృష్ణలంక: అయితే ఈ మాట మొదటే అనాల్సింది. నేను ఒప్పుకోను. చూడటంలో, తీయడంలో, చీకట్లో రోలు చుట్టడంలో ఉన్న ఆనందం నాది. ప్రతి ముఖానికీ ప్రింటు బాకీ పెడితే నేను మనుషులను తీయడమే మానేయాలి.

పాత స్టూడియో, గుంటూరు: మానేయండి.

అరండల్‌పేట: ఆ యార్డు ఫొటో నాకైతే చాలా నచ్చింది. ప్రింటు ఇస్తే పోయేదేముంది?

లబ్బీపేట: మీటరు ముల్లు కదలడం లేదు. ధర తగ్గిస్తే తీసుకుంటాను, మా అమ్మమ్మ ఫొటోతో మొదలుపెడతాను. పాత స్టూడియో గారూ, సోడియం సల్ఫేట్ లీటరుకు ఎంత కలిపేవారు?

పాత స్టూడియో, గుంటూరు: 30 డిగ్రీలు దాటితే లీటరు డీ-76కు 100 గ్రాములు. తేమ లేని పొడి రకం తీసుకోండి. ముందు ఒక పాడు రోలు మీద చూసుకోండి, అమ్మమ్మ గారి రోలు ఆ తర్వాత.