‘చిక్కింది’ అంటే చిక్కబడిందా, చిక్కిపోయిందా?

వాహనానికి గాలి–ఇంధన నిష్పత్తి మీటరును బిగించే పద్ధతిని తెలుగులో రాస్తున్నప్పుడు నన్ను ఎక్కువసేపు ఆపినవి వైరింగుకు సంబంధించిన వాక్యాలు కావు, ‘రిచ్’, ‘లీన్’ అనే రెండు చిన్న మాటలు. ఇంధనం పాలు ఎక్కువైన మిశ్రమం రిచ్, తక్కువైనది లీన్. మొదట ‘సంపన్న మిశ్రమం’, ‘కృశ మిశ్రమం’ అని రాసుకున్నాను గానీ, ఇంజను విప్పే మనిషి ఎవరూ అలా అనుకోరు. వాటిని కొట్టేసి ‘చిక్కటి’, ‘పలుచటి’ అని మార్చాక వాక్యం తేటపడింది. చిక్కదనం ద్రవాలకే చెల్లుతుందన్న అభ్యంతరం నిలవదు. చిక్కటి పొగ, చిక్కటి చీకటి అని అంటూనే ఉన్నాం.

అయితే విశేషణం నుంచి క్రియకు వచ్చేసరికి అర్థం తలకిందులవుతుంది. ‘చిక్కబడింది’ అంటే చిక్కదనం పెరిగిందని. ‘చిక్కింది’, ‘చిక్కిపోయింది’ అంటే బక్కపలచనైందని, అంటే అచ్చంగా లీన్ అని. ‘ఇంజను మీద భారం పడినప్పుడు మిశ్రమం చిక్కితే వెంటనే యాక్సిలరేటరు వదలాలి’ అని రాస్తే, ఒకరికి అది పెట్రోలు ఎక్కువైందని, మరొకరికి తక్కువైందని తోస్తుంది. చిక్కబడితే ప్లగ్గులు నల్లబడి పెట్రోలు వృథా అవుతుంది. పూర్తి భారంలో పలుచబడితే నాకింగు (మిశ్రమం అదుపు తప్పి మండి ఇంజను టకటకా కొట్టుకోవడం) పుట్టి పిస్టనే కరిగిపోవచ్చు. ఇంత తేడా ఉన్నచోట ‘చిక్కు’ అనే క్రియను పూర్తిగా మానేసి, ‘చిక్కబడు’, ‘పలుచబడు’ అనే జంటనే వాడాలని నా గట్టి అభిప్రాయం.

అంకెల దగ్గరా ఇదే జాగ్రత్త కావాలి. పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో సుమారు 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు కావాలి. మీటరు చూపే అంకె గాలి పాలు కాబట్టి, ముల్లు 12.5 మీద ఉంటే మిశ్రమం చిక్కన, 16 మీద ఉంటే పలుచన. అందుకే ‘నిష్పత్తి పెరిగింది’ అని ఊరకే వదిలేయకుండా, ‘నిష్పత్తి పెరిగి మిశ్రమం పలుచబడింది’ అని పూర్తిగా రాయడం మేలు. ఆ 14.7ను ‘సమపాళ్లు’ అంటే చెరిసగం అనే భ్రమ కలుగుతుంది. ‘తగుపాళ్లు’ అనే మన పాత మాట ఇక్కడ చక్కగా అమరుతుంది.

‘చూపు’ అనే మరొక క్రియ గురించి కూడా చెప్పాలి. ఈ మీటరు పెట్రోలును కొలవదు; పొగగొట్టంలోని సెన్సరు, మండగా మిగిలిన ఆక్సిజన్‌ను పసిగట్టి చెబుతుంది. సెన్సరుకు ముందున్న జాయింటు కారి బయటి గాలి లోపలికి చేరినా, ఒక సిలిండరులో మంట అంటుకోకపోయినా, మిశ్రమం సరిగానే ఉండి ముల్లు మాత్రం పలుచన వైపు పోతుంది. కనుక ‘మిశ్రమం పలుచబడింది’ అనేది ఒక వాక్యం, ‘మీటరు పలుచన చూపుతోంది’ అనేది వేరొక వాక్యం. సరిచూసుకోమని చెప్పే చోట రెండోదే రాయాలి.

బిగింపు వాక్యాన్ని చివరికి ఇలా తేల్చాను: ‘గొట్టంలో చేరే నీటి చెమ్మ సెన్సరులో నిలవకుండా, దాని మొన కిందికి చూసేలా, అడ్డగీతకు కనీసం 10 డిగ్రీలు ఏటవాలుగా బిగించాలి.’ ‘మొన’ అన్న మాటకు ఇంతకన్నా స్పష్టమైనది ఎవరికైనా తడితే తెలియజేయగలరు.