విటమిన్ డి మొదలుపెట్టాక బాబుకి ఇన్సులిన్ తగ్గింది, దాని వల్లేనా?

చిన్నోడి అమ్మ:
మా బాబుకి తొమ్మిదేళ్లు. టైప్ 1 షుగర్ జబ్బు అని తెలిసి మూడు నాలుగు నెలలవుతోంది. ఈమధ్య పరీక్షల్లో విటమిన్ డి 11 వచ్చిందని డాక్టర్ గారు చుక్కల మందు రాశారు. అది మొదలుపెట్టిన దగ్గర్నుంచి రాత్రి వేసే ఇన్సులిన్ 10 యూనిట్ల నుంచి 6కి దిగింది, అయినా పొద్దున షుగర్ 100 దగ్గరే ఉంటోంది, ఒకట్రెండు సార్లు 65కి కూడా పడింది. మా ఆడపడుచు ఏదో వీడియో చూసి "డి బాగా పెంచితే షుగరే పోతుందట, డోసు రెట్టింపు చెయ్యి వదినా" అని ఒకటే పోరు. నమ్మబుద్ధి కావట్లేదు, అలాగని ఆశ చావట్లేదు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

పాప నాన్న:
అమ్మా, అది హనీమూన్, అంటే టైప్ 1 మొదట్లో కొన్నాళ్లు ఇన్సులిన్ అవసరం తగ్గే దశ. విటమిన్ మహిమ కాదు. జబ్బు బయటపడేనాటికి ప్యాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు చాలావరకు పోయుంటాయి, మిగిలిన కాసినీ ఆ ఎక్కువ షుగర్‌కి సొమ్మసిల్లి ఉంటాయి. బయటి నుంచి ఇన్సులిన్ అందగానే అవి తేరుకుని మళ్లీ పనిలో పడతాయి. కొందరికి కొన్ని వారాలు, కొందరికి ఏడాది పైన కూడా ఉంటుంది. మా పాపకి ఏ విటమిన్ వెయ్యకుండానే డోసు సగానికి పడిపోయింది, ఆనక ఒక జ్వరం తగిలేసరికి మళ్లీ పైకి పోయింది. 65లు వస్తున్నాయంటే ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేసి డోసు సవరించుకోండి. ఎంత తగ్గినా పూర్తిగా మాత్రం ఆపకండి, ఆపితే కీటోన్లు (ఇన్సులిన్ లేక ఒళ్లు కొవ్వుని కరిగించినప్పుడు రక్తంలో చేరే ఆమ్లాలు) పెరిగి ప్రాణం మీదికి వస్తుంది.

ల్యాబ్‌మనిషి:
ఆ వీడియోల్లో మాట పూర్తిగా గాల్లోంచి పుట్టింది కాదు. ఫిన్లాండ్‌లో 1966లో పుట్టిన పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి, పసితనంలో రోజుకి 2000 యూనిట్ల డి క్రమం తప్పకుండా తీసుకున్నవాళ్లలో టైప్ 1 తక్కువగా వచ్చిందని 2001లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. కానీ అది జబ్బు రాకముందు సంగతి, పైగా గమనింపే తప్ప ట్రయల్ కాదు. తర్వాత జన్యువుల ఆధారంగా చేసిన అధ్యయనాల్లో డి తక్కువవడమే టైప్ 1కి కారణం అన్నది నిలబడలేదు. జబ్బు వచ్చాక డి ఇచ్చి చూసిన కొన్ని చిన్న ట్రయల్స్‌లో సొంత ఇన్సులిన్ తగ్గిపోవడం కొంచెం నెమ్మదించినట్టు కనిపించింది, అంతే, ఇన్సులిన్ మానేసేంత కాదు.

అయితే 11 అంటే తక్కువే, ఎముకల కోసం 20 దాటించాలి కాబట్టి రాసిన డోసు వెయ్యండి. రెట్టింపు మాత్రం వద్దు. డి ఒంట్లో పేరుకుని రక్తంలో కాల్షియం పెరిగితే పిల్లవాడికి దాహం, ఊరికే ఒంటేలుకి పోవడం, వాంతులు. ఇవన్నీ షుగర్ పెరిగినా వచ్చేవే కదా! మీరు ఇన్సులిన్ చాలలేదనుకుని అటు వెతుకుతూ ఉంటారు. ఇంకో సంగతి, సీసా మీద చూడండి: కొన్ని బ్రాండ్లలో 400 యూనిట్లు ఒక మిల్లీలీటర్‌లో ఉంటే కొన్నింట్లో ఒక్క చుక్కలోనే ఉంటాయి. సీసా మారినప్పుడు పాత డ్రాపర్‌తో పాత లెక్కన వేస్తే కొంప మునుగుతుంది.

కొత్తఅమ్మ2:
మూడు నెలలు సరిగ్గా వేశాక కూడా డి పెరగకపోతే సీలియాక్ (గోధుమల్లోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) పరీక్ష అయిందో లేదో అడగండి. టైప్ 1 పిల్లల్లో అది మామూలు పిల్లల కంటే ఎక్కువ, పేగు సరిగా పీల్చుకోదు కాబట్టి ఎంత వేసినా ఎక్కదు. మా వాడికి కడుపునొప్పి లాంటిదేమీ లేదు, ఊరికే చేసిన రక్తపరీక్షలో దొరికింది.

చిన్నోడి అమ్మ:
అందరికీ థాంక్స్. డాక్టర్‌కి ఫోన్ చేశాను, రాత్రి డోసు ఇంకొంచెం తగ్గించమన్నారు, డి అలాగే ఉంచమన్నారు. ఆడపడుచుకి ఈ పేజీ పంపించా, ఇంకా జవాబు లేదు :) వీడికి చుక్కలంటే వెగటు, గమ్మీలు ఇవ్వొచ్చా?

ల్యాబ్‌మనిషి:
ఇవ్వొచ్చు, డాక్టర్ చెప్పినన్ని యూనిట్లు వాటిలో వచ్చేట్టయితే. చాలా గమ్మీల్లో చక్కెర ఉంటుంది, ఆ కార్బ్స్ కూడా లెక్కలో వేసుకోండి. చాక్లెట్లనుకుని తినెయ్యకుండా సీసా వాడికి అందనిచోట పెట్టండి. కొన్నింట్లో విటమిన్ సి కూడా కలిపేస్తారు, ఒంటికి అంటించే షుగర్ సెన్సార్ వాడుతుంటే అది చూసుకోండి, కొన్ని సెన్సార్లు సి డోసు ఎక్కువైతే షుగర్‌ని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. అది నమ్మి ఇన్సులిన్ వేస్తే మళ్లీ షుగర్ పడిపోతుంది. అనుమానం వస్తే వేలు గుచ్చి చూడండి.