నాయన పీఎస్ఏ (ప్రోస్టేట్ గ్రంథికి చేసే రక్తపరీక్ష) 3.9 వచ్చింది, నార్మలే అని వదిలేయచ్చా?

చీనీతోట: మాది తాడిపత్రి పక్క పల్లె. నాయనకి 67. రాత్రి నాలుగైదుసార్లు ఒంటికి లేస్తాడు. ధార సన్నం. అయిపోయిందని పంచె సర్దుకుంటే మళ్లా చుక్కలు. అనంతపురం బస్సెక్కాలంటే పొద్దున్నుంచి నీళ్లు ముట్టడు. ఏడాదిగా మాత్రలు మింగుతున్నాడు. రెండు నెల్ల నుంచి తుంటి నొప్పి, కాయల క్రేట్లు మోసినందుకేలే అంటాడు. మొన్న పీఎస్ఏ 3.9. నాలుగు లోపు నార్మల్ అని రిపోర్టులోనే ఉంది. ప్రోస్టేట్ క్యాన్సరైతే గుర్తులు ఎట్లుంటాయి?

కర్నూలు పెద్దాయన: తమ్ముడూ, నాకొచ్చింది ఆ క్యాన్సరే, ఆరేళ్లయింది. ఒంటికి పోవడానికి ఏ ఇబ్బందీ లేదు నాకు. షుగర్ పరీక్షతో పాటు ఊరికే చేయించిన పీఎస్ఏలో బయటపడింది. మా పక్కింటాయన రాత్రికి ఆరుసార్లు లేచేవాడు, ఆయనది ఉత్త వాపు. వయసుతో గ్రంథి లోపలిభాగం ఉబ్బి మూత్రనాళాన్ని నొక్కుతుంది. క్యాన్సర్ ఎక్కువగా బయటి అంచున పుడుతుంది, అందుకే చానాళ్లు ధారకు అడ్డం రాదు. మూత్రంలో నెత్తురు, ఎముకల నొప్పి లాంటివి ముదిరినాక కనపడేవే ఎక్కువ. ఆ తుంటి నొప్పి సంగతి డాక్టరుకు నువ్వే చెప్పు. మనోళ్లు ఆడ కూర్చోని "అంతా బాగుండాది సార్" అంటారు, నేనూ అన్యా.

ప్రొద్దుటూరు ల్యాబ్: ఏం మాత్రలు? ధార సులువు చేసే టామ్‌సులోసిన్ ఒక్కటే అయితే పీఎస్ఏ తగ్గదు. గ్రంథిని కుదించే డ్యూటాస్టెరైడ్ గానీ ఫినాస్టెరైడ్ గానీ కలిసుంటే ఆర్నెల్లకు ఇంచుమించు సగానికి పడిపోతుంది, అప్పుడు వచ్చిన అంకెను రెట్టింపు చేసి చూస్తారు. రిపోర్టు కాగితానికి మీరేం మింగుతున్నారో తెలీదు కదా. అట్లని పెరిగితే క్యాన్సరే అనీ కాదు, మూత్రంలో ఇన్ఫెక్షనున్నా, గొట్టం వేసినా పెరుగుతుంది. యూరాలజిస్టు (మూత్రవ్యాధుల డాక్టరు) మలద్వారంలోంచి వేలితో చూసి, అవసరమైతే ఎంఆర్ఐ, ముక్క పరీక్ష రాస్తారు. కాళ్లు మొద్దుబారినా, బలం తగ్గినా, మూత్రం పూర్తిగా బిగుసుకున్నా మాత్రం అదే రోజు ఆసుపత్రికి పోవాల.

చీనీతోట: అన్నా, స్ట్రిప్పు చూసినా. టామ్‌సులోసిన్, డ్యూటాస్టెరైడ్ రెండూ ఉండాయి. అంటే ఏడెనిమిది కింద లెక్క. గురువారం పిల్చకపోతా. వేలి పరీక్ష అనేసరికి నాయన "నేను రానే రాను" అంటుండాడు.

కర్నూలు పెద్దాయన: నిమిషం కూడా పట్టదని చెప్పప్పా. మాత్రల స్ట్రిప్పు జేబులో పెట్టుకోండి. బస్సులో నీళ్లు తాగనీ, దావలో ఆపమని డ్రైవర్‌ని నువ్వడుగు.