9 లోంచి 4 తీస్తే మా పాప 6 అంటోంది, ఇంట్లో ఎలా నేర్పాలి?

యూకేజీ అమ్మ, కర్నూలు:
అందరికీ నమస్తే. మా పాపకి ఐదున్నరేళ్లు, యూకేజీ. ఒకటి నుంచి 100 దాకా గడగడా చెప్తుంది, రాస్తుంది కూడా. 6+3 అంటే ఆరు వేళ్లు తెరిచి, ఇంకో మూడు తెరిచి, మళ్లీ ఒకటి దగ్గర్నుంచి అన్నీ లెక్కపెడుతుంది. ఆలస్యమైనా ఆన్సర్ సరిగ్గానే వస్తోంది కాబట్టి సరే అనుకుంటున్నా. తీసివేతల దగ్గరే అసలు సమస్య. 9-4 అంటే "9, 8, 7, 6" అంటూ నాలుగు వేళ్లు మడిచి 6 అంటుంది. 8-3 కూడా 6 అంటుంది. ఎప్పుడు చూసినా ఒకటి ఎక్కువే. స్కూల్లో అప్పుడే 20 లోపు తీసివేతల వర్క్‌షీట్లు ఇస్తున్నారు, పైగా వేళ్లు వాడనివ్వొద్దని చెప్పారు. మా అత్తగారేమో ఎక్కాల్లాగా బట్టీ పట్టించమంటున్నారు. సాయంత్రం పుస్తకం తీస్తే చాలు ఏడుపు మొహం పెడుతోంది, దాన్ని చూస్తే నాకు టెన్షన్. ఇంట్లో నేర్పినవాళ్లు ఎవరైనా చెప్తారా?

బడి పంతులమ్మ:
అమ్మా, నేను ప్రైమరీ స్కూల్లో చిన్న తరగతులకే చెప్తుంటాను, ఈ "ఒకటి ఎక్కువ" నాకు బాగా తెలిసిన తప్పు. పాపకి లెక్క రాక కాదు. 9 అంటూనే మొదటి వేలు మడిచేస్తోంది, అక్కడే వస్తోంది తేడా. 9 అంటే ఇప్పుడు మన దగ్గర ఉన్నవి, ఇంకా ఏమీ తీయలేదు. ఒకటి తీశాకే 8 అనాలి. దీన్ని మాటల్లో ఎంత చెప్పినా ఎక్కదు, వస్తువులతోనే చూపించాలి. 9 చింతపిక్కలు వరసగా పెట్టండి. ఒకటి పక్కకి తీసి, "ఎన్ని మిగిలాయి?" అని అడగండి. చూసి 8 అంటుంది. ఇంకోటి తీయండి, 7. ముందు తీయాలి, తర్వాతే అంకె చెప్పాలి, ఆ వరస మాత్రం తప్పనివ్వొద్దు. ఇది బాగా అలవాటయ్యాక పిక్కల మీద గిన్నె బోర్లించి, ఒక్కొక్కటే బయటికి లాగుతూ లోపల ఎన్ని ఉన్నాయో అడగండి. లోపలున్నవి కనిపించకపోయినా చెప్పగలిగిందంటే ఇక వేళ్ల మీద కూడా తప్పు చేయదు.

కూడికకీ అదే గిన్నె పనికొస్తుంది. 6 పిక్కలు పాప చేతే లెక్కపెట్టించి మూసేయండి, బయట 3 పెట్టండి. లోపలివి మళ్లీ లెక్కపెట్టడానికి కుదరదు కదా, అందుకని "లోపల ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది" అంటూ ముందుకు వెళ్తుంది. "పెద్దది మనసులో, చిన్నది చేతిలో" అని మనందరం నేర్చుకున్నది ఇదే. కాకపోతే మనసులో పెట్టుకున్న ఆ ఆరు నిజంగా ఆరే అన్న నమ్మకం ముందు పిల్లకి కుదరాలి, లేకపోతే మళ్లీ ఒకటి నుంచే మొదలుపెడుతుంది. 2+7 ఇచ్చి, రెండు కుప్పలున్న పళ్లెం అటూ ఇటూ తిప్పి చూపించండి, 7 నుంచి మొదలుపెట్టినా అంతే వస్తుందని తనే కనిపెడుతుంది.

వేళ్లు వాడొద్దనే మాటతో నేను అస్సలు ఒప్పుకోను. ఈ వయసులో వేళ్లు లాక్కుంటే పిల్లలు అంచనాగా ఏదో ఒక అంకె చెప్పేసి మన మొహం వంక చూస్తారు, ఆన్సర్ కోసం. అవసరం తీరాక వాళ్లే వదిలేస్తారు. ఇంకో విషయం, చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు బాగా రావాలని 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమంలో బాలవాటిక పిల్లలకి, అంటే ఒకటో తరగతికి ముందు ఏడాది వాళ్లకి, పెట్టిన లక్ష్యం 10 దాకా అంకెలు గుర్తుపట్టి చదవడం. చిన్న చిన్న కూడికలు, తీసివేతలు ఒకటో తరగతి లక్ష్యంలో ఉంటాయి. మీ పాప వెనకబడలేదు.

అష్టాచమ్మా నాన్న:
మేడమ్ చెప్పిన తప్పే మా బాబు ఆటలో చేసేవాడు. అష్టాచమ్మా ఆడుతుంటే కాయ ఉన్న గడినే "ఒకటి" అని మొదలుపెట్టేవాడు, దాంతో ఎప్పుడూ ఒక గడి వెనకే ఆగేది. అక్కా, మీ పాపతో ఆడి చూడండి, అక్కడ తప్పు కళ్లకి కనపడుతుంది, పైగా గెలవాలని ఉంటుంది కాబట్టి తనే సరిచేసుకుంటుంది. సుద్దముక్కతో 25 గళ్లు గీస్తే చాలు, నాలుగు గవ్వలు కావాలి. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా 4, నాలుగూ బోర్లా పడితే అష్టా 8, ఈ రెండూ పిల్లలకి చూడగానే గుర్తొచ్చేస్తాయి, లెక్కపెట్టక్కర్లేదు. మా వాడికి తీసివేత అసలు అర్థమైంది కాయ చివరి గడికి చేరి పండే ముందు. ఇంకా మూడు గళ్లే ఉన్నాయి, 2 పడింది, ఇంకెంత పడాలి? వెనకబడినప్పుడు "నాన్నా, నీ కాయ నాకంటే ఎన్ని గళ్లు ముందుంది?" అని అడిగేవాడు, అదీ తీసివేతే కదా. పుస్తకాల్లో తీసేయడం ఒక్కటే చూపిస్తారు, తేడా కనుక్కోవడం, ఇంకెంత కావాలో చూడడం పిల్లలకి వేరే లెక్కల్లా కనిపిస్తాయి.

ఇద్దరు పిల్లల తల్లి:
మా పెద్దదాన్ని అబాకస్ క్లాసులో వేశాం, స్పీడ్ బాగా వచ్చింది. కొంచెం బట్టీ కూడా ఉండాలండీ, 5+5, 6+4 లాంటివి నోటికి రాకపోతే పెద్ద లెక్కల్లో అలిసిపోతారు.

యూకేజీ అమ్మ, కర్నూలు:
థాంక్యూ అండీ అందరికీ. గిన్నె ఆట ఇవాళే మొదలుపెట్టాను, పుస్తకం కాదనేసరికి తనే వచ్చి కూర్చుంది. మరి 13-5 లాంటివి ఎలా? పిక్కలు ఒక్కొక్కటే తీస్తుంటే మధ్యలో మర్చిపోతోంది.

బడి పంతులమ్మ:
పైన మేడమ్ చెప్పినదాంట్లో నిజం ఉంది, 10కి జతలు నోటికి రావాల్సిందే. కానీ చేత్తో చూశాక రావాలి, అబాకస్ అయితే ఈ వయసుకి తొందర అనుకుంటా. 10 పిక్కలు తీసుకుని రెండు గుప్పిళ్లలో పెట్టుకోండి. ఒక గుప్పిట తెరిచి చూపించి, రెండోదాంట్లో ఎన్ని ఉన్నాయో అడగండి. 7 కనిపిస్తే 3, 6 కనిపిస్తే 4. తర్వాత పాపని దాచమనండి, మీరు చెప్పండి, అప్పుడప్పుడు కావాలనే తప్పు చెప్పండి, పట్టుకుంటే ఆ సంబరం చూడాలి. ఇవి తడుముకోకుండా వచ్చేదాకా 10 దాటొద్దు.

ఆ తర్వాత 13-5కి ఒక పది రూపాయల నోటు, మూడు రూపాయి బిళ్లలు ఇచ్చి 5 రూపాయలు అడగండి. బిళ్లలు 3 ఇచ్చేస్తుంది, ఇంకా 2 కావాలి, నోటు చింపలేం కాబట్టి చిల్లర మార్చుకోవాలి. పదిలోంచి 2 పోతే 8. రేపు రెండో తరగతిలో అప్పు తెచ్చుకునే తీసివేతలు వచ్చినప్పుడు జరిగేది కూడా ఇదే.

ఈలోపు స్కూల్ వర్క్‌షీట్ తప్పదంటే, లెక్క పక్కన 13 చిన్న సున్నాలు గీసి 5 కొట్టేయమనండి, పెన్సిల్‌తోనే కాబట్టి టీచర్‌కి కూడా అభ్యంతరం ఉండకపోవచ్చు. మొదటి వరసలో పది, కింద మూడు వచ్చేలా గీయించండి, కొట్టేయడం కింది వరస నుంచి మొదలుపెట్టించండి.