హార్వెస్ట్ పండగలో వేలంపాట, మైకులో కానుకల పేర్లు చదవడం: ఉంచాలా, తీసేయాలా?

డెల్టా_బ్రదర్
అందరికీ వందనాలు. మాది కృష్ణా డెల్టాలో ఒక పల్లె, సిఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) గుడి. వరి కోతలయ్యాక హార్వెస్ట్ పండగ పెడతారు, మీకు తెలిసిందే, కొత్త బియ్యం మూటలు, గుమ్మడికాయలు, అరటి గెలలు, నాటుకోళ్ళు అన్నీ తెచ్చి ముందు పెడతారు, ఆరాధన అయ్యాక బయట షామియానా కింద వేలంపాట. ఈసారి ఒక గుమ్మడికాయ మీద ఇద్దరు పంతానికి పోయి (కమిటీ ఎలక్షన్లప్పటి నుంచి ఇద్దరికీ పడదు) 12,000 దాకా లాగారు, పాడుకున్నాయన దాన్ని మళ్ళీ గుడికే ఇచ్చేస్తే మళ్ళీ పాడారు. డబ్బు బాగానే వచ్చింది, కాదనను.

నా బాధ ఆ తర్వాత జరిగినదాని గురించి. సెక్రటరీ గారు కృతజ్ఞత కానుకల లిస్టు మైకులో చదివారు. 500 పైన ఇచ్చినవాళ్ళకి ఇంటిపేరుతో సహా, 500 లోపు వాళ్ళందరికీ కలిపి "తదితరులు" అని ఒక్క మాట. మా వీధిలో ఒక మామ్మ ఉంది, ఒంటరిది, ఊడ్పులకీ కలుపులకీ పోతుంది. కోత మిషన్లు వచ్చాక పరిగె (కోతలో రాలిపోయిన వెన్నులు) దొరకడమే గగనం, అయినా మిషన్ తిరగని గట్ల వారనా మూలల్లో ఏరుకుని, ఆ వడ్లు మర పట్టించి, బియ్యం చెంగున మూటకట్టి తెచ్చింది. కిలోన్నర ఉంటాయేమో. వేలంలో దాన్ని ఎవరూ పాడలేదు, చివర్లో మిగిలిన సరుకుతో కలిపి గంపగుత్తగా ఇచ్చేశారు. ఆమె ఏమీ అనలేదు, గిన్నెలు కడిగే చోటికి వెళ్ళిపోయింది.

వచ్చే కమిటీలో వేలం, పేర్లు చదవడం రెండూ ఆపమని అడుగుదామనుకుంటున్నా. మీరేమంటారు?

ట్రెజరర్_గుంటూరు
తమ్ముడూ, నీ బాధ అర్థమైంది కానీ తొందరపడకు. మాది లూథరన్ సంఘం, చాలా ఏళ్ళుగా లెక్కలు నేనే చూస్తున్నా కాబట్టి చెప్తున్నా, కరెంటు బిల్లు, అయ్యగారి జీతం, పైకి పంపాల్సిన వాటా, కారుతున్న శ్లాబు, ఇవన్నీ ఆదివారం సంచిలో పడే చిల్లరతో నడవవు, ఏడాది లోటు మొత్తం ఈ ఒక్క పండగే పూడుస్తుంది. ఇంకోటి, పేర్లు చదివేది పొగడటానికి అని ఎందుకనుకుంటున్నావు? అది నా మీద కాపలా. ఒకాయన 2,000 ఇచ్చి ఉంటే నేను మైకులో 1,500 అన్నాననుకో, అక్కడికక్కడే లేచి అడుగుతాడు. పేర్లు ఆపేసిన రోజున ట్రెజరర్ జేబులోకి ఎంత పోయిందో కనిపెట్టేవాడు ఉండడు. లేఖనం కావాలా, సంఖ్యాకాండం 7 చూడు, 12 గోత్రాల ప్రధానులు ఎవరెవరు ఏమేం తెచ్చారో పేరుపేరునా రాశారు. అపొస్తలుల కార్యాలు 4లో బర్నబా పొలం అమ్మి తెచ్చింది పేరుతో సహా ఉంది. దేవుడికి లేని అభ్యంతరం మనకెందుకు?

సండేస్కూల్_టీచర్
అన్నయ్యా, ఆ 7వ అధ్యాయం ఒకసారి ఓపిగ్గా మొత్తం చదవండి. 12 మందీ తెచ్చింది ఒక్కటే. అదే 130 తులాల వెండి గిన్నె, అదే 70 తులాల ప్రోక్షణపాత్ర, పన్నెండుసార్లూ అవే మాటలు మళ్ళీ మళ్ళీ రాశారు, ఎవర్నీ తదితరుల్లో కలపలేదు. పెద్ద గోత్రమని యూదాకి ఎక్కువా లేదు, చిన్నదని బెన్యామీనుకి తక్కువా లేదు. మీరు చూపించిన అధ్యాయమే మీ పద్ధతికి అడ్డం. బర్నబా సంగతి కూడా అంతే, ఆ పక్క అధ్యాయంలోనే అననీయ సప్పీరాలు ఉన్నారు, అందరి ముందూ బర్నబాలా కనబడాలనే కదా కొంత దాచుకుని మొత్తం ఇచ్చామన్నది.

పిల్లలు చూస్తారండీ. నేను క్లాసులో విధవరాలి రెండు కాసుల పాఠం చెప్తాను, ఆమె అందరికన్నా ఎక్కువ వేసిందని ప్రభువు అన్నాడని చెప్తాను, వాళ్ళు బయటికొచ్చి షామియానా కింద దానికి పూర్తిగా తిరగేసినది చూస్తారు. ఏది నమ్మాలి వాళ్ళు?

పల్లె_పాస్టర్
ప్రైజ్ ద లార్డ్. కొంచెం పెద్దగా రాస్తా, ఓపిక పట్టండి.

అసలీ వేలం ఎందుకొచ్చిందో మరిచిపోతున్నాం. మన తాతల కాలంలో కూలి గింజల రూపంలోనే ఉండేది, చేతిలో పైసా ఆడేది కాదు, అందుకని ఉన్నదే తెచ్చేవాళ్ళు, గుడ్డో కోడో కుంచెడు వడ్లో. దాన్ని డబ్బు చేయడానికి వేలం. అంటే లేనివాడు కూడా ఇచ్చేవాడు కావాలని పెట్టుకున్న ఏర్పాటు ఇది. 1912లో దోర్నకల్ బిషప్పు అయిన అజరయ్య గారు, ఇండియన్లలో మొదటి ఆంగ్లికన్ బిషప్పు ఆయనే, ఎక్కువగా మాల మాదిగ పల్లెల్లో ఉన్న పేద సంఘాలకి ఇవ్వడం నేర్పించారు, దాని మీద పుస్తకమే రాశారు. విదేశీ డబ్బు మీద బతికే సంఘం ఎప్పటికీ తన కాళ్ళ మీద నిలబడదని ఆయన పట్టు.

పిడికెడు బియ్యం మీ ఊళ్ళలో ఇంకా ఉందా? మా సంఘంలో ఉంది. పొయ్యి దగ్గర ఒక డబ్బా, ఎసరులో పోసే ముందు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి అందులో వేస్తారు, ఆదివారం సంచిలో తెచ్చి గుడి వెనక గదిలో డ్రమ్ములో పోస్తారు. డ్రమ్ములో పడ్డాక ఎవరి పిడికెడు ఏదో దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. మిజోరంలో 1910 నుంచి ఇదే పద్ధతి, అక్కడి మిషనరీల పనికి పెద్ద ఆధారం అదే. పేర్లు చదవకపోతే ఎవరూ ఇవ్వరనే మాట నిజమైతే ఇన్నేళ్ళు ఈ డ్రమ్ము నిండకూడదు.

వేలం నేను ఆపలేదు, పద్ధతి మార్చాం. స్త్రీల సమాజం వాళ్ళే బజారు రేటుకి ధర కట్టి బల్ల మీద పెడతారు, కావలసినవాళ్ళు కొనుక్కుంటారు, ఎక్కువ ఇవ్వాలనిపిస్తే మిగతాది సంచిలో వేస్తారు. మొదటి ఏడు డబ్బు తగ్గింది, దాచను. కానీ వస్తువులు ఎక్కువ వచ్చాయి, వేలంలో నవ్వులపాలవుతామని అంతకుముందు తేనివాళ్ళు కూడా తెచ్చారు.

ఇంకోమాట, ఇవ్వడమంటే డబ్బేనా? మా సంఘంలో ఒక తాపీమేస్త్రి ప్రహరీ గోడ కూలి తీసుకోకుండా కట్టాడు. ఒక అబ్బాయి మైక్‌సెట్టు రిపేరు చేసిపెడతాడు. ఇద్దరు అమ్మలు శనివారం సాయంత్రం గుడి ఊడ్చి చాపలు పరుస్తారు. ఈ లిస్టు మైకులో చదివిన సెక్రటరీని నేనింతవరకు చూడలేదు.

వైజాగ్_యూత్
నాకైతే అసలు గుడికే ఎందుకివ్వాలో తెలియట్లేదు బ్రదర్స్. చిన్నప్పటి నుంచి బైబిల్లో మలాకీ 3:9-10 ఒక్కటే విన్నాను, పదియవ భాగం ఇవ్వకపోతే శాపం అని. ఇచ్చింది ఎటు పోయిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఉద్యోగం వచ్చాక నా దశమ భాగంతో మా ఊరి హాస్టల్లో ఇద్దరు పిల్లల ఫీజు నేనే డైరెక్టుగా కడుతున్నా. తప్పా?

పల్లె_పాస్టర్
తప్పని ఎలా అంటాను తమ్ముడూ. ద్వితీయోపదేశకాండం 14 చివర చూడు, మూడో ఏట పదియవ వంతు లేవీయులకీ పరదేశులకీ తండ్రిలేనివాళ్ళకీ విధవరాళ్ళకీ, వాళ్ళు తిని తృప్తి పొందాలని. మలాకీలో కూడా "నా మందిరములో ఆహారముండునట్లు" అని ఉంది, ఆ ముక్క వదిలేసి శాపం దగ్గరే ఆగిపోతారు మన ప్రసంగీకులు. అయితే నువ్వొక్కడివే ఇద్దరికి కట్టగలవు, సంఘం కలిస్తే ఇరవైమందికి కట్టొచ్చు. నువ్వు తప్పుకుంటే ఆ ఇరవైమంది గురించి కమిటీలో అడిగేవాడు ఎవరు?

విచారణ_ఖమ్మం
నేను ఆర్సీఎం (రోమన్ కాథలిక్), మధ్యలో వస్తున్నా. మాకు 1983 కానన్ లాలోనే, అంటే మా సభ చట్టంలోనే ఉంది, ప్రతి విచారణకీ (ఒక ఫాదర్ కింద ఉండే స్థానిక సంఘానికీ) ఆర్థిక మండలి ఉండాలని (537), విశ్వాసులు ఇచ్చినదానికి విశ్వాసులకే లెక్క చెప్పాలని (1287). పేదరికం వల్ల ఎవరికీ సంస్కారాలు అందకుండా పోకూడదని కూడా ఉంది (848). రూలు ఉంది కదాని అన్నిచోట్లా జరిగిపోతుందని చెప్పను. కానీ మా ప్రస్తుత ఫాదర్ గారు మూణ్ణెల్లకోసారి జమాఖర్చు గుడి తలుపు పక్కన అంటిస్తారు. ఎవరు ఇచ్చారో ఉండదు, మొత్తం ఎంత వచ్చిందో, దేనికి ఎంత పోయిందో ఉంటుంది. కొవ్వొత్తులకి ఎంతో ఉంటుంది, సాయం దగ్గర మాత్రం ఆస్పత్రిలో ఉన్న ఫలానా కుటుంబానికి ఎంత అని కాకుండా రోగుల సాయానికి మొత్తం ఎంత, అలా. పూజ అయ్యాక జనం నిలబడి చదువుతారు.

డాలస్_నుంచి
ఇక్కడ మా తెలుగు చర్చిలో జనవరిలో ఎవరి స్టేట్‌మెంట్ వాళ్ళకి మెయిల్ వస్తుంది, ట్యాక్స్ కోసం 250 డాలర్లు, ఆపైన ఇచ్చే కానుకకి రాతపూర్వక రసీదు తప్పనిసరి. ఎవరి పేరూ ఎక్కడా చదవరు. ట్రెజరర్ అన్నయ్య చెప్పిన కాపలా పనిని ఆ రసీదే చేస్తుంది. ఊళ్ళో రసీదు పుస్తకం అచ్చు వేయించడానికి ఎంతవుతుంది?

ట్రెజరర్_గుంటూరు
రసీదు పుస్తకం మా దగ్గరా ఉంది సార్, తీసుకునేవాళ్ళే లేరు, "మీ మీద నమ్మకం లేకనా అండీ" అని వెళ్ళిపోతారు. చెల్లెమ్మా, సంఖ్యాకాండం గురించి నువ్వు చెప్పింది ఒప్పుకుంటున్నా, ఆ కోణంలో నేను చదవలేదు. తదితరులు అనడం తప్పే, చదివితే అందరివీ చదవాలి, పది రూపాయలైనా, లేదా ఎవరివీ వద్దు. కానీ వేలం తీసేయడానికి నేను ఒప్పుకోను. పోటీ చెడ్డదే కావచ్చు, ఆ పోటీలో వచ్చిన డబ్బుతోనే మా ఊళ్ళో వితంతువుల సాయం నడుస్తోంది. పాస్టర్ గారూ, మొదటి ఏడు తగ్గిందన్నారే, ఆ లోటు దేంతో పూడ్చారు? అది చెప్పకుండా పల్లె సంఘానికి పద్ధతి మార్చమనడం న్యాయం కాదు.

పల్లె_పాస్టర్
న్యాయమైన ప్రశ్న. మైక్‌సెట్టు కొత్తది కొనడం ఒక ఏడాది వాయిదా వేశాం, క్రిస్మస్ లైటింగ్ సగం చేశాం. వితంతువుల సాయం ముట్టుకోలేదు, ఆ పద్దు ముందే విడిగా తీసిపెట్టాం. కమిటీలో గొడవ అయింది, లైటింగ్ దగ్గరే ఎక్కువ అయింది.

సండేస్కూల్_టీచర్
డెల్టా బ్రదర్, కమిటీకి వెళ్ళే ముందు ఒక పని చేయండి. మామ్మగారిని అడగండి, ఆమెకేం కావాలో. మనమందరం ఆమె గురించి మాట్లాడుతున్నాం, పేరు చదవాలా వద్దా అని, ఆమెని మాత్రం ఎవరూ అడగలేదు.

డెల్టా_బ్రదర్
నిన్న సాయంత్రం వెళ్ళి అడిగాను అక్కా. పేరు చదవడం గురించి ఆమెకి పట్టింపు లేదు. "ఆ బియ్యం ఎవురు కొన్నారు నాయనా, వండుకున్నారా" అని అడిగింది. నాకు తెలియదు, సెక్రటరీ గారికీ తెలియదట, గంపగుత్తలో పోయాయి కదా. ఆమె ఉద్దేశం ఏంటంటే ఆ బియ్యం పండగ రోజు అందరికీ పెట్టే భోజనంలో కలపాలని, అందుకనే తెచ్చిందట, చెప్పడానికి మొహమాటపడింది.

అందుకని కమిటీలో పెట్టేది కొంచెం మార్చాను. తినే వస్తువులు వేలానికి కాకుండా ముందు ఆ రోజు సహపంక్తి భోజనానికి పోవాలి, మిగిలినవి ధర కట్టి అమ్మాలి. పేర్లు ఎవరివీ చదవొద్దు, జమాఖర్చు గోడకి అంటించాలి. వేలం పూర్తిగా ఆపమంటే ట్రెజరర్ అన్నయ్య లాంటివాళ్ళు మా కమిటీలోనూ నలుగురున్నారు, ఆ ముక్క ఒప్పుకోరని తెలుసు, అయినా అడుగుతా. ఖమ్మం బ్రదర్, మీ గుడి తలుపు మీద అంటించే కాగితం ఫోటో ఒకటి పెట్టగలరా, పద్దులు ఎలా విడదీశారో చూపించాలి మా వాళ్ళకి.

విచారణ_ఖమ్మం
ఆదివారం పూజయ్యాక తీసి పెడతాను. ఫాదర్ గారిని ఒక మాట అడిగి.