గ్లామర్ అంటే ఒకప్పుడు కనికట్టా? స్కాట్లాండ్‌లో ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

మనం హీరోయిన్ల గురించి రోజూ వాడే 'గ్లామర్' పాత స్కాట్స్ (స్కాట్లాండ్ జనం భాష) మాట అండీ. అప్పట్లో దాని అర్థం అందం కాదు, కనికట్టు. లేనిది ఉన్నట్టు చూపించే మాయ. 'గ్రామర్' అనే మాటే జనం నోళ్లలో నలిగి ఇలా మారింది. గ్రామర్ అంటే అప్పట్లో వ్యాకరణమే కాదు, మొత్తం చదువు కూడా. బాగా చదువుకున్నవాడికి మంత్రాలు కూడా వచ్చని నమ్మిన రోజులవి. స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1789 నాటి కవితలో ఈ రెండు మాటలూ వరుస పాదాల చివర ప్రాసగా కూర్చున్నాయి: గ్లామర్ జిప్సీలకు, గ్రామర్ మంత్రగాళ్లకు. చదవగానే ఒళ్లు పులకరించింది. తర్వాత అక్కడి రచయితే అయిన వాల్టర్ స్కాట్ రచనలతో ఇంగ్లిష్‌లో బాగా పాకింది.

అక్కడి పల్లెల్లో పెద్దవాళ్లు ఇంకా కనికట్టు అర్థంలో ఈ మాట వాడుతున్నారా? మీరు విని ఉంటే, ఏ ఊళ్లో, ఏ సందర్భంలో అన్నారో ఆ వాక్యం ఉన్నదున్నట్టు రాయండి, ప్లీజ్.