సముద్రపు గాలిమర టవర్లకు డంపర్లు తప్పనిసరి చేయాలా?

పాలమూరు లెక్చరర్:
2024 జూన్‌లో కేంద్రం గుజరాత్, తమిళనాడు తీరాల్లో 500 మెగావాట్ల చొప్పున సముద్రపు గాలిమరలకు, రేవుల పనులతో కలిపి 7,453 కోట్ల పథకానికి ఆమోదం తెలిపింది. మా పాలిటెక్నిక్ పిల్లలు రేపు అక్కడ పనికి పోవచ్చు. ఊపు తగ్గించే డంపర్ ప్రతి టవర్‌లో తప్పనిసరి చేయాలని నా వాదన. తైపీ 101 భవనంలో 660 టన్నుల గుండు వేలాడదీసి ఊపు తగ్గించలేదా?

మిర్యాలగూడ ఫిట్టర్:
నేను ఒప్పుకోను సార్. ఇక్కడ ఒక రైస్‌మిల్లుల బ్లోయర్ అదురుతుంటే కాంట్రాక్టర్ వచ్చి కింద స్ప్రింగులు బిగించి పైసలు పట్టుకపోయిండు. అదురు ఇంకా పెరిగింది. నేను రెక్కలకు పట్టిన దుమ్ము గీకి బ్యాలెన్స్ చేస్తే బంద్ అయింది. నాకేమో కూలి సగమే ఇచ్చిండ్రు. రోగం చూడకుండ మందు పోస్తే గంతే.

హాలియా రైతుబిడ్డ:
మనకు సముద్రమే లేదు, ఈ లొల్లి ఎందుకన్నా?

నల్లగొండ సివిల్:
అన్నా, మిల్లు ఫ్యాన్‌ది వేరు. రోటర్, అంటే రెక్కల చక్రం, నిమిషానికి 10 చుట్లు తిరిగితే 0.17 హెర్ట్జ్, అంటే సెకనుకు 0.17 సార్లు. మూడు రెక్కలు టవర్ ముందు నుంచి పోతయి కాబట్టి 0.5 హెర్ట్జ్. టవర్ నేచురల్ ఫ్రీక్వెన్సీ, అంటే అది తనంతట తాను సెకనుకు ఎన్నిసార్లు ఊగుతదో అది, వీటితో కలిస్తే ఊపు పెరుగుతది. అందుకే ఈ రెండిటి నడుమ ఉండేటట్టు కడతరు. రోటర్ ఎంత బ్యాలెన్స్‌గా ఉన్నా అలలు కొడుతనే ఉంటయి. గాలి వైపు ఊపును తిరిగే రెక్కలే చాలావరకు అణుస్తయి. అల పక్క నుంచి కొట్టినా, మర ఆగి ఉన్నా ఆ సాయం ఉండదు. వెల్డింగులు దెబ్బతినేది అప్పుడు. డంపర్ పని అక్కడ.

మిర్యాలగూడ ఫిట్టర్:
660 టన్నులు అంత ఎత్తుల పెడితే టవర్ నిలుస్తదా?

పాలమూరు లెక్చరర్:
అంత అక్కర్లేదు. ఊగే బరువులో కొద్ది శాతం చాలు. గొట్టంలో నీళ్లు అటూ ఇటూ ఊగే రకం కూడా ఉంది.

మిర్యాలగూడ ఫిట్టర్:
660 అని రాసింది మీరే. ఇంకోటి చెప్పండి. సముద్రం అడుగుల దిగ్గొట్టిన పైల్ చుట్టూ ఇసుక కోసుకపోతే టవర్ ఫ్రీక్వెన్సీ తగ్గుతది. డంపర్ మాత్రం పాత ఫ్రీక్వెన్సీకి కుదిర్చిన లెక్క మీదనే ఉంటది. అప్పుడేం పనిచేస్తది?

నల్లగొండ సివిల్:
అందుకే మళ్లీ ట్యూన్ చేసుకునే రకాలున్నయి. మీరు బ్లోయర్ దాటి వస్తలేరు. రెక్కలు బిగించకముందు టవర్ ఉత్తగ నిలబెడితే గాలి సుడులకే ఊగుతది, తాత్కాలిక డంపర్లు కడతరు. మీ బ్యాలెన్సింగ్ అక్కడేం చేస్తది?

మిర్యాలగూడ ఫిట్టర్:
చేతికి మసి అంటనోళ్లు గట్లనే అంటరు. నేను లిఫ్ట్ ఇరిగేషన్ పంపుహౌస్‌ల చేసినప్పుడు బేరింగ్ అదురు చూసే సెన్సార్ పెట్టిండ్రు. సెన్సార్ ఉంది కదా అని, చెయ్యి పెట్టి చూసే మనుషులను తీసేసిండ్రు. అండ్ల నేనొకణ్ని. వైరు తెగింది ఎవ్వలూ చూడలే, బేరింగ్ కాలిపోయింది. డంపర్ మీద నాకు పగ లేదు మేడమ్. అది ఉందని చెప్పి టవర్ ఉక్కు పలచన చేస్తరు. అది వద్దంటున్న.

హాలియా రైతుబిడ్డ:
మా లిఫ్ట్ కాడ కూడా గంతే, చూసే మనిషి లేడు.

నల్లగొండ సివిల్:
పలచన చేసుకోవడానికే కదా పెట్టేది! ఉక్కు తగ్గకపోతే కరెంటు యూనిట్ ధర దిగదు, సముద్రంల మర కట్టేటోళ్లే ఉండరు. డంపర్‌ను డిజైన్ లెక్కల పట్టాల్సిందే.

పాలమూరు లెక్చరర్:
నేను తప్పనిసరి అన్నది భద్రత కోసం మేడమ్, ఉక్కు మిగుల్చుకోవడానికి కాదు.

మిర్యాలగూడ ఫిట్టర్:
డంపర్ బిగుసుకపోయి పనిచేయని రోజు అలలు ఎత్తుగ ఉంటే పడవ పోదు. మళ్లీ మనిషి ఎక్కేదాక ఆ టవర్ డంపర్ సాయం లేకుండనే నిలబడాలె. అంత ఉక్కు వేస్తమంటే పెట్టుకోండి.

నల్లగొండ సివిల్:
ఒక తుఫాను కాలానికి లెక్క వేస్తం. అంతకు మించి వేయం.

మిర్యాలగూడ ఫిట్టర్:
తుఫాను కాలమంటే ఎన్ని రోజులు మేడమ్? ముందు అది రాయండి.